ముందు మోటారు, ఆ తర్వాత దీపం, ఆఖరుకు పొయ్యి

షామీర్‌పేట అనగానే మనకు చెరువుకట్ట గుర్తొస్తుంది, జింకల పార్కు గుర్తొస్తుంది. సెలవునాడు పిల్లల్ని తీసుకుని కరీంనగర్ రోడ్డున పోయి, కట్టమీద కాసేపు నిలబడి, కాల్చిన మొక్కజొన్న కంకి కొని తిని ఇంటికి రావడం మనలో చాలామందికి అలవాటే. కానీ సోదరీమణులారా, ఆ ఊరు ప్రపంచమంతటా సమాజశాస్త్రం చదివే విద్యార్థులకు తెలిసిన ఊరని మీలో ఎందరికి తెలుసు? హైదరాబాదు వాళ్ళమైన మనకే తెలియదు. లండన్‌లోనూ అమెరికాలోనూ కాలేజీ పిల్లలు డెబ్భై ఏళ్ళ కిందటే దాని గురించి చదివి పరీక్షలు రాశారు.

శ్యామచరణ్ దూబే గారని ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఒక ఆచార్యుడు ఉండేవారు. పోలీసు చర్య జరిగిన మూడు నాలుగేళ్ళకే, అంటే 1951-52 ప్రాంతంలో, విశ్వవిద్యాలయం తరఫున ఒక బృందం షామీర్‌పేటలో మకాం పెట్టింది. అందులో వైద్యం చదివిన వాళ్ళు, వ్యవసాయం తెలిసిన వాళ్ళు, పశువైద్యులు, విద్యాశాఖ వాళ్ళు అందరూ ఉన్నారు. ఊళ్ళో దేశ్‌ముఖ్ ఎవరు, పటేలు పట్వారీల అధికారం ఎంత, రెడ్లు, ముత్రాసులు, గొల్లలు, సాలెలు, కుమ్మరులు, మాలలు, మాదిగలు, ముస్లిములు ఒకరితో ఒకరు ఎలా మెలుగుతారు, ఏం తింటారు, పెళ్ళిళ్ళెలా చేస్తారు — అన్నీ అడిగి రాసుకున్నారు. ఆ రాతలన్నీ కలిసి 1955లో ‘ఇండియన్ విలేజ్’ అనే పుస్తకంగా వెలువడ్డాయి. స్వతంత్ర భారతంలో ఒకే ఒక పల్లెను అంత వివరంగా చూపిన తొలి పుస్తకాలలో అదొకటి. ఊరి జనాభా అప్పటికి రెండున్నర వేల లోపు. దూబే గారి భార్య లీలా దూబే గారు కూడా ఆ శాస్త్రంలోనే పండితురాలు. తర్వాత రోజుల్లో స్త్రీల జీవితాల మీద ఆమె రాసిన పుస్తకాలు భర్తగారి పుస్తకాలకు తీసిపోనంత పేరు తెచ్చుకున్నాయి.

ఈ షామీర్‌పేట, దానికి పడమటి వైపున్న మేడ్చల్ — ఈ రెండు ఊళ్ళ వైపు చూస్తూ మీకు ఒక చరిత్ర చెప్పాలని నా కోరిక. రాజుల చరిత్ర కాదు, దీపం చరిత్ర, పొయ్యి చరిత్ర. కరెంటు, కట్టెలు, కిరసనాయిలు, గ్యాసు ఏది ఎప్పుడు వచ్చింది, ఎవరింటికి ముందు వచ్చింది, ఎవరింటికి ఆలస్యమైంది అన్నది రాజుల చరిత్రకన్నా మన బతుకుల్ని ఎక్కువగా మార్చింది మరి.

నిజాం కాలంలో ఈ ఊళ్ళు అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాలో ఉండేవి. ‘పట్నం చుట్టుపక్కలు’ అని ఆ మాటకు అర్థం. ఆ జిల్లాలో చాలా భాగం సర్ఫెఖాస్, అంటే నిజాం ప్రభువు సొంత ఖర్చులకు శిస్తు చేరే భూమి. ఈ పొలాల్లో పండిన పంట కోటలోకి పోయేది. మరి కోటలోని వెలుగు ఇటు వచ్చిందా? పట్నంలో విద్యుత్తు శాఖ 1910లోనే పుట్టింది. 1920లో హుసేన్‌సాగర్ ఒడ్డున బొగ్గుతో నడిచే విద్యుత్కేంద్రం వెలిసింది. ఎన్టీఆర్ గార్డెన్స్ ఉన్న వైపు ఒకప్పుడు దాని పొగగొట్టాలు కనిపించేవని పెద్దవాళ్ళు చెబుతారు. దానిలో మండింది సింగరేణి బొగ్గు. అది 1980ల మొదట్లో ఆగిపోయింది. ఆ కేంద్రం వెలుగు రాజభవనాలకు, దివాణాలకు, బజార్లకు, బంగళాలకు వెళ్ళింది. మేడ్చల్ మీదుగా పోయే రైలుబండి గోదావరి లోయ దాకా 1900 ప్రాంతం నుంచే నడుస్తోంది కానీ, ఆ పట్టాల పక్క గుడిసెల్లో మాత్రం గ్యాస్‌నూనె బుడ్డే. మన తెలంగాణ పల్లెల్లో కిరసనాయిలును గ్యాస్‌నూనె అనేవారు కదా! ఉన్నవాళ్ళింట కందిలి, లేనివాళ్ళింట బుడ్డి, అసలే లేనివాళ్ళింట పొయ్యి మంటే దీపం. పొద్దుగూకకముందే తినేసి పడుకోవడమూ ఒక పొదుపే.

అది ఒక్క మన దగ్గరి దుర్గతే కాదు సుమండీ. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశం మొత్తం మీద ఉన్న విద్యుదుత్పత్తి శక్తి 1,362 మెగావాట్లు. మనిషికి ఏడాదికి పదహారు యూనిట్లు. ఇవాళ మన ఇళ్ళలో ఏసీ వేసుకుంటే ఆ పదహారు యూనిట్లు రెండు రోజుల్లో తిరిగిపోతాయి. 1950 నాటికి దేశంలో ఉన్న ఐదున్నర లక్షల పైచిలుకు పల్లెల్లో కరెంటు ముఖం చూసినవి మూడు వేల చిల్లర.

ఇక్కడొక విషయం చెప్పకుండా ముందుకు పోలేను. దూబే గారి బృందం షామీర్‌పేటలో ఇల్లిల్లూ తిరిగిన ఆ రోజుల్లోనే, పట్నంలో మరో పెద్దమనిషి వంటింటి పొగ గురించి ఆలోచిస్తూ కూర్చున్నారు. ఆయన ఎస్.పి.రాజు గారు, హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనాశాలకు డైరెక్టరు. ఆనకట్టలు, కాలువలు, సిమెంటు పరీక్షించే చోట మట్టిపొయ్యి పరీక్షించాలని ఆయనకు తోచింది చూడండి, అది గొప్ప సంగతి కాదూ? మామూలు మట్టితోనే, ఒక్క మంట మీద ఒకటికి మించి గిన్నెలు ఉడికేట్టుగా, పొగ గదిలో తిరక్కుండా గొట్టంలోంచి కప్పు దాటి పోయేట్టుగా ఒక పొయ్యి తయారుచేశారు. పరిశోధనాశాల ఇంగ్లీషు పేరులోని పొడి అక్షరాలతో దానికి ‘హెర్ల్ చూలా’ అని పేరు వచ్చింది. దాని గురించి 1953లో ఆయన చిన్న పుస్తకం కూడా ప్రచురించారు. కోట్లమందికి పొగలేని వంటిళ్ళు కావాలన్నది ఆ పుస్తకం పేరులోనే ఉంది. పొగ వల్ల ఆడవాళ్ళ కళ్ళూ ఊపిరితిత్తులూ పాడవుతున్నాయని, ఈ దేశంలో ఆ మాటను ఒక ఇంజనీరు లెక్కలు కట్టి చెప్పడం అప్పటికి కొత్త.

మరి ఆ పొయ్యి షామీర్‌పేట దాకా, మేడ్చల్ దాకా, ఇల్లిల్లూ ఎందుకు చేరలేదు? కారణం మనలాంటి వాళ్ళకు తేలిగ్గానే తెలుస్తుంది. గొట్టంలో మసి పేరుకుంటుంది, దాన్ని ఎవరు దులపాలి? వానాకాలం మట్టి పగులుతుంది, ఎవరు మెత్తాలి? పూరికప్పులోంచి వేడి గొట్టం పోతే నిప్పంటుకుంటుందన్న భయం సరే. గొట్టం కొనడానికి నాలుగు రూపాయలు మగవాడి చేతిలోంచి రావాలి, పొగ మాత్రం ఆడదాని కంట్లోకి పోతుంది! ఖర్చు ఒకరిది, బాధ మరొకరిది అయినచోట ఏ కొత్త వస్తువూ తొందరగా ఇంట్లోకి రాదు. తర్వాత కేంద్ర ప్రభుత్వమే 1983 చివర ‘పొగలేని పొయ్యి’ కార్యక్రమం మొదలుపెట్టి 2002 దాకా నడిపింది. దేశమంతటా మూడు కోట్ల పైగా పొయ్యిలు పెట్టామని లెక్క చూపింది. పెట్టినవాటిలో చాలా పొయ్యిలు ఒకటి రెండేళ్ళకే విరిగి, ఆ గొట్టాలు కోళ్ళగూటికి ఆసరా అయ్యాయి. లెక్కలో పొయ్యి ఉంది, ఇంట్లో పొగ ఉంది.

కరెంటు సంగతికి వద్దాం. ఆంధ్రప్రదేశ్ విద్యుత్తు బోర్డు 1959 ఏప్రిల్‌లో ఏర్పడింది. తీగలు పల్లెలవైపు కదిలాయి. కానీ తీగ ఎక్కడికి ముందు పోయింది? పొలం బావి దగ్గరికి. 1965, 66 సంవత్సరాల్లో దేశమంతా వానలు లేక, అమెరికా గోధుమల కోసం ఓడలవైపు చూసిన రోజులవి. తిండిగింజలు పండాలంటే నీళ్ళు కావాలి, నీళ్ళకు మోటారు కావాలి, మోటారుకు కరెంటు కావాలి. అది తప్పని నేననను. ఆకలి ముందా, దీపం ముందా అంటే ఎవరైనా ఆకలే అంటారు. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ కేంద్రంలో వచ్చింది. మనకు దగ్గరలోనే, ఇదే కరీంనగర్ దారి పట్టుకుని పోతే వచ్చే సిరిసిల్లలో 1970లో రైతులే సభ్యులుగా విద్యుత్తు సహకార సంఘం పుట్టింది. యాభై ఏళ్ళు దాటినా అది నిలబడి ఉంది.

అయితే ఒక చిత్రం వినండి. అప్పటి నిర్వచనం ప్రకారం ఒక రెవెన్యూ గ్రామం హద్దుల్లో ఏ పనికైనా సరే కరెంటు వాడితే, ఆ ఊరు ‘విద్యుదీకరించిన గ్రామం’. ఊరి బయట దొరగారి బావి మీద ఒక్క మోటారు తిరిగితే చాలు, ఊరంతా వెలిగినట్టే! మాలవాడలో, మాదిగవాడలో ఒక్క బల్బు లేకపోయినా కాగితం మీద ఊరు మెరిసిపోయేది. ఈ నిర్వచనాన్ని 1997లో కొంత దిద్దారు, 2004లో ఇంకొంచెం దిద్దారు. అప్పుడు కూడా ఏమన్నారంటే, నూటికి పది ఇళ్ళకు కరెంటు ఉండి, బడి, పంచాయతీ ఆఫీసు వంటి చోట్ల ఉంటే చాలునన్నారు. తొంభై ఇళ్ళు చీకట్లో ఉన్నా ఊరు వెలుగులో ఉన్నట్టే లెక్క. మన ఇంట్లో పదిమందికి వండి ఒక్కరికి పెట్టి ‘ఇంటిల్లిపాదీ తిన్నారు’ అంటే అత్తగారు ఊరుకుంటుందా?

మోటార్లు వచ్చాక మేడ్చల్, షామీర్‌పేట రూపు మారిపోయింది. ద్రాక్షతోటలు! అనాబ్-ఎ-షాహి ద్రాక్ష పేరు వింటే నా వయసువాళ్ళ నోరు ఇప్పటికీ ఊరుతుంది. లేత పసుపు రంగులో, బొటనవేలంత పొడుగున, పల్చని తొక్కతో వేసవి మొదట్లో మోండా మార్కెట్‌కు బుట్టలు బుట్టలుగా వచ్చేవి. పట్నం చుట్టూ, ముఖ్యంగా ఈ ఉత్తరం వైపు, ఎకరానికి వచ్చే దిగుబడి చూసి పరదేశాల వాళ్ళు కూడా ఆశ్చర్యపోయేవాళ్ళట. పందిళ్ళు వేయడానికి రాతి కడీలు, తీగలు, ఎరువులు, మందులు, అన్నిటికీ మించి బోరునీళ్ళు కావాలి. పెట్టుబడి ఉన్నవాళ్ళకే ఆ పంట. తోటల్లో కాయ కోసింది, గుత్తుల్లో పిందె దులిపింది మాత్రం కూలికి వచ్చిన ఆడవాళ్ళు. పగలంతా కరెంటు నీళ్ళతో పెరిగిన తీగకింద పనిచేసి, సాయంత్రం కంపమోపు నెత్తిన పెట్టుకుని చీకటి గుడిసెకు పోయినవాళ్ళు.

ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం వచ్చాక వ్యవసాయానికి మీటరు లెక్క పోయి, హార్స్‌పవరుకు ఏడాదికి యాభై రూపాయల చొప్పున కట్టే పద్ధతి స్థిరపడింది. 2004 మే 14న రాజశేఖరరెడ్డి గారు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన చోటే ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం పెట్టారు. తెలంగాణ వచ్చాక 2018 జనవరి 1 నుంచి ఇరవైనాలుగు గంటల ఉచిత కరెంటు. రైతుకు ఊపిరి పోసిన పని అది, ఎవరు కాదంటారు? రాత్రిపూట మోటారు వేయడానికి పోయి పాముకాటుకు, షాకుకు పోయిన మగవాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళను అడిగితే పగటి కరెంటు విలువ చెబుతారు. అయితే బోరు లేనివాడికి, భూమే లేని కూలీదానికి ఆ ఉచితంలో వచ్చింది ఏమిటన్న ప్రశ్న మిగిలే ఉంది. బోర్లు లోతుకు పోయాయి, తర్వాత ద్రాక్షతోటలూ పోయాయి. ఆ భూములు ప్లాట్లయ్యాయి, రింగురోడ్డయ్యాయి, మందుల కంపెనీలయ్యాయి. రంగారెడ్డి జిల్లాలో ఉన్న ఈ ఊళ్ళు 2016 అక్టోబరు నుంచి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా అయ్యాయి.

గుడిసెకు దీపం ఎప్పుడొచ్చింది? 1988-89లో ‘కుటీర జ్యోతి’ అని ఒక పథకం పెట్టారు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న ఇంటికి ఒక్క బల్బు కనెక్షను. ఒక్కటే! ఆ బల్బు ఎక్కడ పెట్టుకోవాలన్నది ఇంటి ఇల్లాలికి పెద్ద సమస్య. ముందు గదిలో పెడితే పిల్లలు చదువుకుంటారు, వంట చీకట్లో. వంట దగ్గర పెడితే పిల్లలు వంటింటి పొగలో కూర్చుని చదవాలి. చాలామంది తలుపు మీద, రెండు వైపులా పడేట్టు కట్టుకున్నారు. ఇది ఏ ప్రభుత్వ ఇంజనీరూ చెప్పింది కాదు, ఆడవాళ్ళ సొంత తెలివి. ఆ తర్వాత 2005లో రాజీవ్ పేరున, 2017లో ‘సౌభాగ్య’ పేరున వచ్చిన పథకాలతో ఇంటింటికీ తీగ పోవడం పూర్తయింది.

ఇంతసేపూ పల్లె గురించి చెప్పాను. పట్నంలో మనం మాత్రం ఏం వెలగబెట్టామని? మన అమ్మలు కట్టెల అడితీ నుంచి బండి మీద కట్టెలు వేయించుకుని, నరికించి, దొడ్లో ఎండబెట్టుకునేవారు. ఆ కట్టెలు లారీల మీద ఎంతెంతో దూరపు అడవుల నుంచి వచ్చేవి. మంజూర్ ఆలం గారని ఉస్మానియాలో భూగోళశాస్త్రం ఆచార్యుడు, తోటివాళ్ళతో కలిసి 1980ల మొదట్లో హైదరాబాదు కట్టెల వ్యాపారం మీద లెక్కలు తీసి 1985లో పుస్తకం వేశారు. పట్నంలో మనం వండుకున్న అన్నం కింద ఎక్కడెక్కడి చెట్లు కాలాయో అందులో తెలుస్తుంది. పన్నెండేళ్ళకు మళ్ళీ లెక్క తీస్తే మధ్యతరగతి ఇళ్ళన్నీ గ్యాసుకు మారిపోయి ఉన్నాయి. మధ్యలో కిరసనాయిలు కాలం ఒకటి గడిచింది. రేషను డిపో ముందు డబ్బాలు వరసపెట్టి, డబ్బా స్థానంలో ఇటుకరాయి పెట్టి ఇంటికొచ్చి పప్పు పొయ్యి మీద వేసి మళ్ళీ పరుగెత్తిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. ‘స్టవ్ పేలి నవవధువు మృతి’ అన్న వార్త వారానికొకటి పేపర్లో వచ్చిన రోజులూ అవే. ఆ స్టవ్‌లు కోడళ్ళు వెలిగిస్తేనే ఎందుకు పేలేవో, అత్తలు వెలిగిస్తే ఎందుకు పేలేవి కావో ఏ ఇంజనీరూ పరిశోధించలేదు.

గ్యాసుకు పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూసి, సిలిండరు ఇంటికొచ్చిన నాడు బొట్టుపెట్టి దండం పెట్టుకున్నవాళ్ళం మనం. మరి పల్లె పేదరాలికి? 1999 జూలైలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘దీపం’ పథకం మొదలుపెట్టింది. అప్పటికి ఊరూరా డ్వాక్రా సంఘాలున్నాయి. ఆ సంఘాల్లోని పేద స్త్రీల తరఫున సిలిండరు డిపాజిట్టు వెయ్యి రూపాయలు ప్రభుత్వమే కట్టింది. పొయ్యి, మొదటి గ్యాసు ఖరీదు వాళ్ళు పెట్టుకోవాలి. దేశంలో 2016లో బలియాలో ‘ఉజ్వల’ మొదలుపెట్టేటప్పటికి పదిహేడేళ్ళ ముందే మన రాష్ట్రంలో ఆడవాళ్ళ పేరున గ్యాసు పుస్తకం వచ్చిందని గర్వంగా చెప్పుకోవచ్చు. ఒక పేదరాలి పేరున ప్రభుత్వం ఇచ్చిన మొదటి కాగితం అదే అయిన ఇళ్ళు ఎన్నో!

ఆ తర్వాత ప్రపంచబ్యాంకు వాళ్ళూ, మన రాజేంద్రనగర్‌లోని గ్రామీణాభివృద్ధి సంస్థ వాళ్ళూ ఈ పథకం ఎలా నడుస్తోందో చూశారు. 2002లో నివేదిక వచ్చింది. సిలిండరు ఇంట్లో ఉంది, గ్యాసు మాత్రం తక్కువగా కాలుతోంది. పట్నంలో నెలకో నెలన్నరకో అయిపోయే సిలిండరు పల్లెలో నెలల తరబడి వస్తోంది. కారణం ఏమంత రహస్యం? కట్టెలు ఏరుకొస్తే డబ్బివ్వక్కర్లేదు. కూలి రోజుకింత వస్తుంది, గ్యాసు మాత్రం ఒక్కసారే మొత్తం అడుగుతుంది. ఉప్పు పావలాకు, నూనె పది రూపాయలకు కొనుక్కునే ఇల్లు పద్నాలుగు కిలోల గ్యాసు ఒకేసారి ఎలా కొంటుంది? షామీర్‌పేట వైపు నుంచి బస్సులో వచ్చి మన ఇళ్ళల్లో పనిచేసే ఒకావిడను నేనొకసారి అడిగాను, మీ ఇంట్లో గ్యాసుందా అని. “ఉన్నదమ్మా, చాయ్‌కి గ్యాసు, బువ్వకు కట్టెల పొయ్యి,” అన్నది. చుట్టమొస్తే, వాన పడితే, పిల్లకు జ్వరమొస్తే గ్యాసు. మిగతా రోజుల్లో సర్కారు తుమ్మ కంప, కంది కట్టె. ఆ ఒక్క మాటలో నివేదిక సారమంతా ఉందనిపించింది నాకు.

2011 జనాభా లెక్కలు చూడండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నూటికి తొంభైరెండు ఇళ్ళలో కరెంటు దీపం. దేశం మొత్తం మీద అది అరవై ఏడే కాబట్టి మనం ఎంతో ముందున్నాం. అదే పుస్తకంలో మరో పేజీ తిప్పితే గ్యాసు మీద వంట చేసే ఇళ్ళు నూటికి ముప్ఫై ఆరు. ఆ తొంభైరెండుకూ ఈ ముప్ఫై ఆరుకూ మధ్య ఉన్నది ఏమిటి? పొగ. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో ప్రపంచంలో ముప్ఫై రెండు లక్షలమంది ఇంటి పొగ వల్ల వచ్చే జబ్బులతో చనిపోయారు. వాళ్ళలో చంటిపిల్లలు కూడా తక్కువేం కాదు, అమ్మ చంకనే కదా వాళ్ళుండేది.

కరెంటు చార్జీలు పెరిగినప్పుడు మన పట్నం ఏమైందో మీకు గుర్తుంది. 2000 సంవత్సరం ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. కరెంటు ఎంత రాజకీయమో ఆనాడు అందరికీ అర్థమైంది. కట్టెల పొయ్యి పొగకు ముప్ఫై లక్షల ప్రాణాలు పోతున్నా ఏ చౌరస్తాలోనూ ఊరేగింపు తీయలేదు ఎవరూ. తీయవలసినవాళ్ళు పొయ్యి ముందు కూర్చున్నారు కాబట్టి.

ఇప్పుడు కొత్తగా ‘వాతావరణ మార్పు’ అంటున్నారు. భూమి వేడెక్కుతోందని, బొగ్గూ పెట్రోలూ తగ్గించాలని దేశదేశాల పెద్దలు 1992లో రియోలో, 2015లో పారిస్‌లో సభలు పెట్టి నిర్ణయించారు. 2070కల్లా మన లెక్క సున్నాకు తెస్తామని 2021లో గ్లాస్గోలో మన దేశం మాటిచ్చింది. మంచిదే. వేసవి ఎండలు మనకే కనిపిస్తున్నాయి, ఒక్క రాత్రి కుంభవృష్టికి కాలనీలు మునగడం కూడా చూస్తున్నాం. కానీ ఎవరు ఎంత తగ్గించాలన్న మాట దగ్గరే పేచీ. 1991లోనే ఢిల్లీలోని అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ ఒక చిన్న పుస్తకం రాసి, పేదవాడు బతకడానికి వదిలే పొగనూ, ఉన్నవాడు విలాసానికి వదిలే పొగనూ ఒకే త్రాసులో తూచకూడదని వాదించారు. అమెరికాలో మనిషికి ఏడాదికి పద్నాలుగు టన్నుల పైచిలుకు బొగ్గుపులుసు వాయువు వస్తే మన దేశంలో మనిషికి రెండు టన్నులు. ఆ రెండు టన్నుల సగటులో కూడా మేడ్చల్ రోడ్డున ఏసీ కారులో పోయేవాడున్నాడు, ఆ రోడ్డు పక్కనే కంప ఏరుకునే ముసలవ్వ కూడా ఉంది. ఆమె వాటా ఎంతుంటుందో మీరే ఊహించండి.

కిర్క్ స్మిత్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 1981లోనే గుజరాతు పల్లెల్లో పొయ్యిల ముందు కూర్చుని ఆడవాళ్ళు పీల్చే పొగను పరికరాలతో కొలిచాడు. తర్వాత 2002లో ఒక పెద్ద శాస్త్రపత్రికలో ఆయన రాసినదాని సారాంశం ఏమిటంటే, పెట్రోలియం గ్యాసు ఖర్చు పెట్టడానికి తగిన చోటంటూ ఉంటే అది పేదల వంటిల్లే అని. సరిగా మండని కట్టె కూడా భూమిని వేడెక్కించే మసీ వాయువులూ వదులుతుంది గనక, పేదలందరూ గ్యాసుకు మారినా భూమికి వచ్చే అదనపు భారం చెప్పుకోదగ్గది కాదని ఆయన లెక్క. నాకు ఈ వాదన నచ్చింది. పొదుపు చేయమని అడగవలసింది ముందు ఎక్కువ ఖర్చు చేసేవాణ్ణి. మన ఇళ్ళల్లో మాత్రం ఎప్పుడు పొదుపు వచ్చినా మొదట తగ్గేది ఆడదాని కంచంలో కూర.

షామీర్‌పేట పక్కనే మరో సంగతి ఉంది, అది మనకు కాస్త ముల్లులా గుచ్చుకునేది. జవహర్‌నగర్ డంపుయార్డు. ఒకప్పుడు షామీర్‌పేట మండలంలోదే. మనం పొద్దున్నే బండివాడికి ఇచ్చే చెత్త అంతా — కూర తొక్కలు, పాచిపోయిన అన్నం, ప్లాస్టిక్ సంచులు — చేరేది అక్కడికే. కుళ్ళిన చెత్తలోంచి మీథేన్ అనే వాయువు పుడుతుంది. భూమిని వేడెక్కించడంలో అది బొగ్గుపులుసు వాయువుకన్నా ఎన్నో రెట్లు ఘాటైనది. 2020లో అక్కడ చెత్త కాల్చి కరెంటు తీసే కేంద్రం వచ్చింది, సుమారు ఇరవై మెగావాట్లది. పట్నం చెత్త పట్నానికే దీపమవుతోందని సంతోషించవచ్చు. కానీ ఆ చుట్టుపక్కల కాలనీలవాళ్ళు కంపు భరించలేమని, బోరునీళ్ళు పాడయ్యాయని ఏళ్ళ తరబడి మొర పెట్టుకుంటున్నారు. ఆ గుట్టల మీద చెత్త ఏరుకు బతికే ఆడవాళ్ళు ఎందరో. తడిచెత్త, పొడిచెత్త వేరు చేసి ఇవ్వడం మనకు ఐదు నిమిషాల పని. కలిపి ఇస్తే, తడిచెత్త సరిగా మండదు కూడా. ఇది ఉపన్యాసం కాదు, తడికట్టెతో పొయ్యి రాజేసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

అదే షామీర్‌పేటలో భాగ్యనగర్ గ్యాసు వాళ్ళ ప్రధాన కేంద్రం ఉంది. పట్నంలో పైపుల గుండా గ్యాసు మొదట వచ్చిన చోట్లలో మేడ్చల్, షామీర్‌పేట వైపువి ఉన్నాయి. కొళాయి తిప్పినట్టు తిప్పితే గ్యాసు, వాడినంతకే బిల్లు. కూలి డబ్బులతో బతికే ఇంటికి నిజంగా నప్పే పద్ధతి ఇదే, ఎందుకంటే ఒకేసారి పెద్దమొత్తం అక్కర్లేదు. అయితే పైపు వేయడానికి పక్కా ఇల్లు కావాలి, వీధి కావాలి, ఇంటివాడి అనుమతి కావాలి. అపార్ట్‌మెంట్లకు వచ్చినంత తేలిగ్గా గుడిసెలకు రాదు.

సిలిండరు ధర 2023 వేసవి నాటికి పదకొండు వందలు దాటింది. అంతకుముందు 2015లో ‘సబ్సిడీ వదులుకోండి’ అంటే మనలో చాలామందిమి వదులుకున్నాం, దేశంలో కోటిమందికి పైగా వదులుకున్నారు. 2024 ఫిబ్రవరి 27న తెలంగాణ ప్రభుత్వం రెండు పథకాలు ఒకే రోజు మొదలుపెట్టింది. ఒకటి ఐదు వందలకే గ్యాసు, రెండోది నెలకు రెండు వందల యూనిట్ల దాకా ఇంటి కరెంటు ఉచితం. మోటారుకు, దీపానికి, పొయ్యికి వేర్వేరు కాలాల్లో వచ్చిన ప్రభుత్వపు దృష్టి, దీపం మీదా పొయ్యి మీదా ఒకే రోజు పడటం ఈ చరిత్రలో నాకు తెలిసినంతలో అదే మొదలు. అయితే గ్యాసు తెచ్చినవాడికి ముందు పూర్తి ధర ఇచ్చుకోవాలి, మిగతా డబ్బు తర్వాత బ్యాంకు ఖాతాలో పడుతుంది. బ్యాంకులో పడేదాకా ఆగగలిగిన ఇంటికి అది ఐదు వందల గ్యాసు. వారం కూలి మొత్తం తెచ్చి ఆ పొద్దుటే సిలిండరు వాడి చేతిలో పెట్టవలసిన ఇంటికి, ఆ పొద్దుటికి మాత్రం, అది పూర్తి ధర గ్యాసే.